లక్ష్మీనారాయణ సేటు నెమళ్ళ కుర్చీ

వరంగల్ బజారులో కిరాణా కొట్లకు కొదవ లేదు. కాని దుకాణదారు సింహాసనం మీద కూర్చుని చింతపండు అమ్మే కొట్టు మాత్రం ఒక్కటే ఉండేది. అది లక్ష్మీనారాయణ సేటుది. మిగతా సేట్లందరూ గల్లాపెట్టె వెనుక పరుపు పరుచుకుని బాసిపట్టు వేసుకుని కూర్చుంటే, ఈయన జిట్రేగి చెక్కతో చేసిన పెద్ద చేతుల కుర్చీలో కొలువు తీరేవాడు. దానికి వీపు ఆనేచోట ఎదురెదురుగా రెండు నెమళ్ళు. కాళ్ళేమో గుర్రపు డెక్కలు. సేటు మనిషి పొట్టి, అందులోనూ కాస్త గుండ్రం. ఆ కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు అందేవి కావు. అందుకని కింద ఒక డాల్డా డబ్బా బోర్లించి దానిమీద కాళ్ళు పెట్టుకునేవాడు. గల్లా ఇవతల నిలబడ్డవాళ్ళకు డబ్బా కనపడదు, దర్జా ఒక్కటే కనపడుతుంది.

"నా అసొంటి పెద్దమనిషి కాకతీయుల తర్వాత ఈ ఊర్ల పుట్టలేదనుకునేటోన్ని. ఎవ్వలన్న డాల్డా డబ్బ గుంజేస్తే గాలిల ఏలాడేటోన్ని" అని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. కాని ఆ నవ్వు రావడానికి ఆయన నలభై దాటాల్సి వచ్చింది. అంతకు ముందు ఆయన ముందు ఎవరైనా నవ్వితే కళ్ళజోడు మీదుగా చూసేవాడు.

కుర్చీ ఆయన కొన్నది కాదు. తండ్రి వెంకట్రాజం కొన్నది. ములుగు పోయే తోవలో అడవి మొదలయ్యే చోట ఒక గడి, కోటలాంటి దొర ఇల్లు, ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ దిక్కూ దేవుడూ, పోలీసూ కోర్టూ అన్నీ ఆ గడి దొరే. జాగీర్లు పోయాక గడి సామాను కొంత వేలం వేశారు. బజారు షావుకార్లు ఎగబడి గాజు దీపాల గుత్తులు, నిలువుటద్దాలు కొనుక్కున్నారు. వెంకట్రాజం ఈ కుర్చీ ఒక్కటే ఎడ్లబండి మీద వేసుకొచ్చి కొట్లో పెట్టుకుని, బతికినన్నాళ్ళూ దానిమీదే కూర్చున్నాడు. కూర్చోబోయే ముందు ప్రతిసారీ ఆయన మీసాల కింద ఒక చిన్న నవ్వు మెదిలేది. అదెందుకో కొడుక్కి ఎన్నడూ అంతుపట్టలేదు. కడుపు నిండిన మనిషి తృప్తి అనుకున్నాడు.

ఆ రోజుల్లో బజారు తగాదాలు పోలీసు ఠాణా దాకా పోయేవి కావు. వెంకట్రాజం కుర్చీ ముందే తెగిపోయేవి. ఇద్దరి మాటా విని, నాలుగు చతుర్లాడి, ఇద్దరినీ నవ్వించి, ఇంత ఆకూ వక్కా చేతిలో పెట్టి పంపేవాడు. ఆకు అందుకున్నాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదని బజారు కట్టుబాటు. డెబ్బైలు మొదలైన కొత్తలో ఆయన పోయాడు. కొట్టుతో పాటు కుర్చీ, కుర్చీతో పాటు పెద్దరికం కొడుక్కి వచ్చాయి. చతుర్లు మాత్రం రాలేదు.

చతుర్ల లోటును లక్ష్మీనారాయణ చరిత్రతో పూడ్చాడు. "ఇది దొర తీర్పు కుర్చీ. దీని మీద కూసోనే ఊర్లకు ఊర్లకు నాయం చెప్పేటోడు" అని ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేవాడు. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. కుర్చీని చూస్తే అలా అనిపించింది, అంతే. కూర్చునే పలక మీద మఖమల్ మెత్త ఉండేది. మెత్త తీస్తే పలక నడుమ గుండ్రటి మూత, మూత తీస్తే కింద పెట్టెలాంటి అర. అదేమిటని అడిగితే సేటు గొంతు తగ్గించి, "మొహర్లు, ఫర్మానాలు దాసుకునే జాగ" అనేవాడు. ఆ అరలో తను తమలపాకులు, వక్కలు దాచేవాడు. తీర్పు చెప్పాక లేచి, మెత్త తొలగించి, మూత ఎత్తి, అరలోకి చెయ్యి పెట్టి ఆకులు తీసి ఇరు పక్షాలకూ ఇచ్చేవాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని నమిలేవాళ్ళు. దీపావళికి లక్ష్మీపూజలో గల్లాకు ఒక బొట్టు పెడితే, కుర్చీకి నాలుగు కాళ్ళకూ నాలుగు బొట్లు పెట్టేవాడు.

ఎనభై ఒకటి వానాకాలంలో చిక్కు వచ్చి పడింది. సేటు కొట్టుకు ఎదురుగా వీరభద్రానిది ఇత్తడి గిన్నెల దుకాణం. దాని పక్కనే కొమురెల్లిది జంపఖానాల దుకాణం. కొమురెల్లి కొత్తవాడ మగ్గాల మీద నేసిన సరుకు తెచ్చి గడప ముందు వేలాడదీస్తాడు. వీరభద్రం గిన్నెలు తడవకుండా ముందుకు ఒక రేకు దించాడు. వాన వస్తే రేకు మీది నీళ్ళన్నీ పోయి కొమురెల్లి జంపఖానాల మీద పడుతున్నాయి. తగాదా కుర్చీ ముందుకు వచ్చింది.

సేటు ఎప్పుడో తీర్పు తేల్చుకుని పెట్టుకున్నాడు. రేకు కోసెయ్యాలి. అందులో న్యాయం ఎంతో ఏమోగాని, కక్ష మాత్రం కొంత ఉంది. వీరభద్రానికి నోరు ఎక్కువ. ఒకసారి పదిమంది ముందు డాల్డా డబ్బా సంగతి ఎత్తి నవ్వాడు. అది సేటు మరిచిపోలేదు.

వీరభద్రం ఆ వాసన పట్టినట్టున్నాడు. పంచాయితీ నడుమ లేచి, "ఆగు సేటూ. అందరం దొర కుర్చీ అని నీ మాట ఇంటానం. అది గడి కుర్చో, కాజీపేట టేషన్ల వెయిటింగ్ రూం కుర్చో ఎవ్వలికెరుక? ముందు అది రుజువు చెయ్యి. చేసినవనుకో, నా రేకు కాదు, నా దుకాణమే కోసేయమను, కిక్కురుమంటే అడుగు. చెయ్యకపోతివా, ఇగ ఈ బజార్ల నీ పంచాయితీ బందు" అన్నాడు.

జనం గుసగుసలు పోయారు. సేటుకు చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి నాటి నుంచి వచ్చిన పెద్దరికం ఒక్క మాటతో వీధిలో పడింది. సరిగ్గా ఆ మధ్యనే గడిని మ్యూజియం చేశారనీ, టికెట్ తీసుకుంటే ఎవరైనా లోపలికి పోయి చూడవచ్చుననీ తెలిసింది. "ఐతారం పోదాం. గడి దొరల నోటితోనే చెప్పిస్త" అని సేటు కుర్చీ చేతి మీద చరిచాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య కళావతి అంత సంబరపడలేదు. బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆగిపోయింది.

"మీరు పోవుడెందుకు ఇప్పుడు? ఉన్న పేరు సాలదా?"

"పేరు నిలవెట్టుకోవాల్నంటే పోవాలె. నువ్వు గూడ రా, దొర కొలువు సూద్దువు."

"నేను రాను" అంది. ఇంకేదో అనబోయి మళ్ళీ బియ్యం చెరగసాగింది.

ఆదివారం సేటు, వీరభద్రం, కొమురెల్లి మరి కొందరు కలిసి మెటాడోర్ వ్యాను మాట్లాడుకుని బయలుదేరారు. సేటు చలువ ధోవతి కట్టి, జరీ కండువా భుజాన వేసుకుని డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. గడి దర్వాజా ముందు దిగగానే వంగి చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. గడి ముందుకు చెప్పులు వేసుకుని పోకూడదని చిన్ననాడు తండ్రి చెప్పిన మాట కాళ్ళకు గుర్తుంది. వీరభద్రం మాత్రం టపటపా నడుచుకుంటూ పోయాడు.

లోపల బల్ల వెనుక సన్నటి మనిషి ఒకాయన టికెట్లు చింపుతున్నాడు. పాత దొరకు మనవడు, పేరు రాజేశ్వర్ రావు. ఒకప్పుడు ఈ ఇంట్లోకి రావడానికే జనం గజగజ వణికేవాళ్ళు. ఇప్పుడు ఈ ఇంటి దొర, నలుగురు మనుషులు వస్తే బాగుండునని దర్వాజా వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. సేటు చేతిలో చెప్పులు చూసి ఆయన కంగారుగా లేచాడు.

"అయ్యో, వేసుకోండి సేటుగారూ. ఇప్పుడు ఆ రివాజులు లేవు."

"ఉండనియ్యున్రి దొరా, అలవాటు" అన్నాడు సేటు. చెప్పులు చేతిలో పట్టుకునే గడి చూడటం మొదలుపెట్టాడు.

మ్యూజియం బాగానే ఉంది. గోడలకు కత్తులు, డాళ్ళు, తల పగిలి దూది బయటికి వచ్చిన పులి, పల్లకీ, కీ ఇస్తే కుయ్‌మనే గ్రామఫోను. ఒక పెద్ద ఫోటోలో పాత దొర మీసాలు. దర్బారు హాలులో అడుగుపెడుతూనే సేటు గబగబా కుర్చీల కోసం వెదికాడు. అక్కడ వెండి రేకు తాపడం చేసిన పెద్ద గద్దె ఒకటి ఉంది. దానికి నెమళ్ళు లేవు, సింహాలున్నాయి. సేటు గుండె ఒక్క మెట్టు కిందికి జారింది. "తీర్పు కుర్చీ వేరే గదిల ఉండొచ్చు" అనుకుని మందికంటే ముందు పడి, ఒక గది దాటి ఇంకో గదిలోకి పోయాడు. పడక గది దాటాడు. దాని పక్కన చిన్న గది. అందులో స్నానానికి రాగి గంగాళం, చెంబు, ఒక మూలన నెమళ్ళ కుర్చీ.

అవే నెమళ్ళు. అవే గుర్రపు డెక్కలు. కొట్లో ఉన్నదాని కవల. ఆనందం పట్టలేక చెప్పులు రెండూ కింద పడేసి దగ్గరికి ఉరికాడు సేటు. ఈ కుర్చీకి మెత్త లేదు. మూత తీసి పక్కన పెట్టి ఉంది. గుండ్రటి రంధ్రంలోంచి తొంగి చూస్తే, కింద అరలో నీలం పువ్వుల పింగాణీ పాత్ర. పక్కన అట్ట మీద అందంగా రాసి పెట్టారు: "దొరవారి మరుగు కుర్చీ. ఇటువంటివి రెండు చేయించారు. రెండవది వేలంలో పోయింది."

సేటు ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. తను ఇన్నేళ్ళూ కూర్చున్న సింహాసనం దొర పొద్దున్నే కడుపు ఖాళీ చేసుకునే పీట. మొహర్లు, ఫర్మానాలు దాచే జాగ! తను అందులో చెయ్యి పెట్టి తీసిన ఆకుల్ని బజారు బజారంతా కళ్ళకద్దుకుని నమిలింది. నాలుగు కాళ్ళకు నాలుగు బొట్లు! సేటుకు ఆ క్షణంలో నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. కాని నేల గచ్చు, చీలేది కాదు.

వెనుక టపటపమని వీరభద్రం చెప్పుల చప్పుడు. సేటు భుజాన ఉన్న జరీ కండువా తీసి కుర్చీ మీద, అట్ట మీద కలిపి పరిచేశాడు. గడపలో అడ్డం నిలబడి రెండు చేతులూ చాచాడు.

"ఏందన్నట్టు అది?" వీరభద్రం మెడ సాచాడు.

"దొరసాని గుడ్డలు మార్సుకునే అర్ర. మొగోళ్ళు సూడద్దు!"

వీరభద్రం నాలుక కరుచుకుని అటు తిరిగాడు. ఎంత నోరున్నా మర్యాద తెలిసినవాడు. మిగతావాళ్ళను కూడా అతనే వెనక్కి తోలాడు. వాళ్ళ వెనకాలే వచ్చిన రాజేశ్వర్ రావు గడప దగ్గర ఆగి, కండువా కప్పిన కుర్చీని, చెమటలు కక్కుతున్న సేటును మార్చి మార్చి చూశాడు.

దర్బారు హాలులో వీరభద్రం అడగనే అడిగాడు. "దొరా, రెండు నెమళ్ళు, గుర్రం డెక్కల కాళ్ళు. అసొంటి కుర్చీ ఈ గడిలదేనా? మా సేటు దొర కుర్చీ అంటాండు."

సేటు పాత దొర ఫోటో వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మీసాలు కూడా నవ్వుతున్నట్టే అనిపించింది.

"మాదే" అన్నాడు రాజేశ్వర్ రావు. "మా తాతగారు స్వయంగా వాడిందే. ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్తాను." అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉన్న ఇల్లంతా జనానికి తెరిచి పెట్టుకున్న మనిషికి, ఒకడి పరువు మూసిపెట్టడం కూడా వచ్చు.

వీరభద్రం తల వంచాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయింది సేటూ. రేపు నువ్వేమంటే గదే" అన్నాడు. కొమురెల్లి వచ్చి సేటు చెయ్యి పట్టుకుని ఊపాడు. గెలుపు అంత చేదుగా ఉంటుందని సేటుకు ఆనాడే తెలిసింది.

మెటాడోర్ ఎక్కబోతుంటే రాజేశ్వర్ రావు కండువా మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. చెప్పులు కూడా తెచ్చాడు. మెల్లగా, "మీ దగ్గర అది భద్రంగానే ఉందా?" అని అడిగాడు.

"పసుపు కుంకుమ పెడ్తానం దొరా."

రాజేశ్వర్ రావుకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

ఇంటికి చేరేసరికి సందెవేళయింది. సేటు అన్నానికి కూర్చోలేదు. కొట్టుకు, ఇంటికి నడుమ తలుపు తీసి కుర్చీని చూస్తూ నిలబడ్డాడు. కళావతి దీపం పెట్టి వచ్చి పక్కన నిలబడింది. ఆయన మొహం చూసి ఆమెకు చెప్పకుండానే అర్థమైంది.

"సూసిన్రా?" అంది.

"నీకెరుకేనా?"

"నేను కొత్తగ కాపురానికి వచ్చిన్నాడే అత్త చెప్పింది. మామ ఆమెకు చెప్పిండట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీకు చెప్తే బజారంత చెప్తరని మామ చెప్పలే. ఆయన పోయినంక నేను చెప్దామనుకున్న. మీరు గట్ల మురుసుకుంట కూసుంటాంటే నాకు నోరు రాలే." కొంగు సవరించుకుని, "ఆకులైతే మళ్ళ మళ్ళ కడిగే పెట్టిన. ఆ పెట్టెను గూడ చింతపండేసి తోమిన. ఫికర్ చెయ్యకున్రి" అంది.

సేటుకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. "నాయన ఎరికుండి ఎట్ల కొన్నడే దాన్ని?"

కళావతి గడప మీద కూర్చుని చెప్పింది. వెంకట్రాజం గడికి ఉప్పూ పప్పూ మోసేవాడు. అడిగినప్పుడల్లా ఇవ్వాలి, తిరిగి ఏమిస్తే అది పుచ్చుకోవాలి. ఒక ఎండాకాలం సామాను దించి, చెప్పులు చేతిలో పట్టుకుని ముంగిట నిలబడ్డాడు. దొరకు కనపడకుండా పోకూడదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా లోపలి నుంచి వచ్చినవాడు ఒక్కటే మాట, "దొర ఇంక కుర్చీల నుంచి లెవ్వలే, ఆగు." దొరకు మలబద్ధకం. కాళ్ళు బొబ్బలెక్కి, వెంకట్రాజం కళ్ళు తిరిగి అక్కడే పడిపోయాడు.

"వేలంల ఆ కుర్చీ కనవడ్తె ఇగ వేరే వస్తువు దిక్కు సూడలేదట" అంది కళావతి. "ఇంటికి తెచ్చి అత్తతోని ఏమన్నడో ఎరుకేనా? 'నన్ను ఎండల నిలవెట్టిన కుర్చీ ఇదే. ఇగ బతికినన్ని దినాలు ఇది నన్ను మొయ్యాలె' అన్నడట."

సేటు అక్కడే గడప మీద కూలబడ్డాడు. తండ్రి మీసాల కింది నవ్వు ఇన్నేళ్ళకు అర్థమైంది. దేని మీద కూర్చున్నాడో ఎరిగి కూర్చున్న మనిషి ఆయన. అందుకే ఎవరి ముందూ పొంగలేదు, ఎవరినీ చిన్నచూపు చూడలేదు. దేని మీద కూర్చున్నాడో తెలియక మీసం మెలేసిన మనిషి తను. తండ్రిని తలచుకుని సేటు కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. అది ఇందాకటి కండువాయేనని గుర్తొచ్చి, ఏడుస్తూనే నవ్వాడు.

తెల్లవారి బజారంతా కొట్టు ముందు చేరింది. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. వీరభద్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషిని అలా చూడటం సేటుకు కష్టంగా ఉంది. ఒక్క మాటంటే రేకు పోతుంది. కక్ష తీరుతుంది, పెద్దరికం ఇంకా పెరుగుతుంది. కాని వీడు కుర్చీని నమ్మి తల వంచాడు. ఆ కుర్చీ ఏమిటో తనకు తెలుసు.

సేటు కూర్చోలేదు. మెత్త తీసి పక్కన పెట్టాడు. మూత ఎత్తాడు.

"వీరభద్రన్నా, ఇటు రా. కాజీపేట టేషన్‌ది గాదు, దొరదే. కని దీని మీద కూసోని దొర చెప్పింది తీర్పు గాదు" అని, ఏమిటో, ఎక్కడ చూశాడో, దొరసాని అర్ర అని ఎందుకు చెప్పాడో అంతా చెప్పేశాడు. చెప్పడం మొదలుపెట్టాక తనమీద తనకే నవ్వొచ్చి, ఫర్మానాల సంగతి, బొట్ల సంగతి కూడా కలిపి చెప్పాడు. ఆఖరుకు డాల్డా డబ్బా తీసి గల్లా మీద పెట్టాడు. తండ్రి ఎండలో పడిపోయిన సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"రేకు కోసుడు వద్దు. కొసకు ఓ గొట్టం పెట్టిద్దాం, నీళ్ళు మోరీల పడ్తయి. గింత సిన్న సంగతి నాకు ముందుగాల తోచకపోవుడు నా పెద్దరికం" అన్నాడు.

వీరభద్రం ముందుకు వచ్చి రంధ్రంలోకి వంగి చూశాడు. "ఆకులు గీడికెల్లి తీసేటోనివా?" అన్నాడు.

"కడిగేటిదట" అన్నాడు సేటు, తల వంచుకుని.

వీరభద్రం నవ్వు మొదలుపెట్టాడు. గిన్నెలు దొర్లినట్టు నవ్వాడు. కొమురెల్లి నవ్వాడు, బజారంతా పొట్టలు పట్టుకుంది. కళావతి లోపలి నుంచి స్టీలు పళ్ళెంలో తాజా ఆకులు తెచ్చింది. వీరభద్రం పళ్ళెం అందుకుని, ఆకులన్నీ తీసి అరలో వేసి, మళ్ళీ దాన్లోంచే ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నవ్వు ఆగింది గాని, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"మా నాయన బిందెలు నెత్తిన పెట్టుకోని పొయ్యేటోడు ఆ గడికి. ఆయన్ను గూడ గట్లనే నిలవెట్టిన్రు" అన్నాడు. "సేటూ, జర నన్ను గూడ దాని మీద కూసోనియ్యి."

సేటు మూత పెట్టి, మెత్త సవరించి పక్కకు జరిగాడు. వీరభద్రం తండ్రి పేరు ఒకసారి పైకి అనుకుని కూర్చున్నాడు. అతను లేవగానే కొమురెల్లి కూర్చున్నాడు. గడికి జంపఖానాలు మోసిన తాత ఉన్నాడట అతనికి. ఆ తర్వాత బెల్లం అమ్మే రాజక్క, ఆమె వెనుక ఇంకెవరో. బజారులో గడి ముందు నిలబడని ఇల్లు లేదని ఆ రోజే తెలిసింది. వరస కొట్టు దాటి వీధిలోకి పోయింది.

అందరికంటే వెనుక, ఎండలో, చెప్పులు చేతిలో పట్టుకుని లక్ష్మీనారాయణ సేటు నిలబడ్డాడు. తన కుర్చీలో తను కూర్చునే వంతు వచ్చేదాకా నవ్వుకుంటూ ఆగాడు.